నేల దాకా

మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా అక్క వాళ్ళ హాలు కిటికీ. మధ్యలో రెండు కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయేంత వీధి. ఇద్దరివీ రెండో అంతస్తులే. వాళ్ళు ఆ ఇంట్లో దిగిన రోజు, "ఇంకేం, కిటికీలోంచి గిన్నెలు విసురుకోవచ్చు" అని నవ్వింది అక్క. అప్పటికింకా అలా నవ్వేది.

వాళ్ళది పాత బిల్డింగు. గోడలు బాగా మందం. ఆ కిటికీ గోడలోకి గూడులా ఉంటుంది. గట్టంటూ లేదు, అద్దాలు నేల దాకా. అక్క దానికి నడుము కంటే కాస్త ఎత్తున ఒక తీగ లాగి, పాత చీర చింపి కుట్టిన సగం కర్టెన్ వేసుకుంది. అందుకని నాకెప్పుడూ ఆమె నడుము నుంచి పైకే కనిపించేది.

ఆ సగం కర్టెన్‌తోనే మేం మాట్లాడుకునేవాళ్ళం. అది ఎడమకి జరిపి ఉంటే బావగారు ఇంట్లో ఉన్నారని. కుడికి జరిపి ఉంటే వెళ్ళారని. మధ్యలో ముడి వేసి ఉంటే నన్ను రమ్మని. రమ్మంటే లోపలికి కాదు. వాళ్ళ తలుపుకి బయట నుంచి తాళం ఉంటుంది. వెళ్ళి తలుపుకి ఇవతల మెట్టు మీద కూర్చునేదాన్ని. అవతల నేల మీద ఆమె కూర్చునేది.

"మీ అక్కకి మతిమరుపు. గ్యాస్ కట్టదు, తలుపు వేసుకోదు. నా భయం నాది" అంటారు బావగారు. అక్క ఫోను రిపేరుకని వెళ్ళి చాలా కాలమైంది. మా పుట్టింట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తులేకపోతే అడిగేది అక్కనే. ఆమెకి మతిమరుపేమిటి?

"వచ్చెయ్యవే. తాళం పగలగొట్టించనా?" అని తలుపు ఇవతల నుంచి ఎన్నోసార్లు అడిగాను.

"కింది వాటా ఆవిడ సుత్తి చప్పుడు వినగానే ఆయనకి ఫోన్ చేస్తుంది. ఆయన వచ్చి మీ ఇంటి మీద పడతాడు. అప్పుడు మీ ఆయన ఏమంటారు?"

ఏమంటారో నాకు తెలుసు. "వాళ్ళ సంసారంలో మనం వేలు పెడితే రేపు వాళ్ళిద్దరూ ఒకటవుతారు, మధ్యలో మనం చెడ్డవాళ్ళం అవుతాం" అని ఆయన అప్పటికే ఒకసారి అన్నారు. మనిషి మంచివారే. గొడవంటే భయం.

"సర్దుకుంటాలే" అనేది అక్క. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

ఒక ఆదివారం బావగారు మా ఇంటికి వచ్చారు. చంకలో గుడ్డ ముక్కలు అతికించిన లావుపాటి పుస్తకం. ఆయన వస్తే మా ఇల్లు సందడిగా ఉంటుంది. మా ఆయన టీవీ కట్టేసి మరీ కూర్చుంటారు. నన్ను బావగారు 'కొలతలమ్మ' అంటారు. కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసిన నాటి నుంచి ఏదైనా ఒకటికి రెండుసార్లు కొలిస్తేగాని నాకు తోచదు. అలమర అరలో కాగితం పరవాలన్నా టేపు తీస్తాను.

"కొలతలమ్మా, నీతో పని పడింది. మా హాలు కిటికీకి కొత్త కర్టెన్లు. అలాంటిలాంటివి కాదు, పైనుంచి నేల దాకా. సినిమా హాలు తెరలాగా ఉండాలి."

"ఇప్పుడున్నదానికి ఏమొచ్చింది బావగారూ?"

"దానికేం రాలేదు. మీ అక్కే దానికి ముడులు వేస్తోంది." నవ్వుతూనే ఉన్నారు. కళ్ళు మాత్రం నా ముఖం మీద నుంచి కదల్లేదు. "మొన్న ఫైలు మర్చిపోయి మధ్యలో ఇంటికొచ్చాను. చూద్దును కదా, కర్టెన్‌కి ఇంత ముడి. ఇదేమిటోయ్ అంటే, ఇల్లు తుడుస్తుంటే అడ్డొచ్చిందంది. నిజమేనంటావా?"

"అదే అయుంటుంది. మా అమ్మా అంతే. తడిగుడ్డ పట్టుకుంటే ఇంట్లో వేలాడేవాటన్నిటికీ ముడులే."

"ఓహో, వంశాచారం." టీ ఒక గుక్క తాగారు. "మెట్ల మీద కూర్చోవడం కూడానా? కింది వాటా ఆవిడ చెప్పింది. చల్లటి రాయి మీద అంతంతసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి మరదలా."

మా ఆయన జోకనుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

"రేపు షాపతను వస్తున్నాడు. నువ్వు వచ్చి ఎంచాలి. నీ చేత్తో కొలవాలి కూడా. తర్వాత పొట్టయింది, పొడుగయింది అని మీ అక్క నన్ను సాధించకుండా."

ఆ కిటికీని నా చేతే మూయిద్దామని పిలుస్తున్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. మా ఆయన బిస్కెట్ల డబ్బా ఆయన ముందుకి జరిపారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి షాపతను హాలు నిండా గుడ్డలు పరిచి ఉన్నాడు. లావుగా, చెమటలు కక్కుతూ, నోటికి తీరికలేని మనిషి. బావగారు సోఫాలో. అక్క వంటింటి గుమ్మం దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. తలుపు మధ్యలో లేకుండా ఆమెని దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. మణికట్టు దగ్గర గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఇది చూడండమ్మా, బరువైన గుడ్డ. వెనకాల తెల్ల లైనింగు. మిట్టమధ్యాహ్నం కూడా గది చీకటే" అన్నాడు షాపతను.

"హాలు చీకటిగా ఉంటే ఎలా? పగలంతా లైటు వేసుకోవాలి" అన్నాను.

"వేసుకోమను. కరెంటు బిల్లు కట్టేది నేనే కదా" అన్నారు బావగారు.

"ఇంత బరువు ఉతకడం అక్క వల్ల అవుతుందా?"

"లాండ్రీకి వేస్తాను."

"నేల దాకా అంటే తుడిచినప్పుడల్లా అంచు తడుస్తుంది. పోనీ చుట్టుకుని పైకిపోయే బ్లైండ్ పెట్టిస్తే? తుడవడం సులువు. కావలసినంత దించుకోవచ్చు, కావలసినంత ఎత్తుకోవచ్చు."

"ఎత్తుకోవడం దేనికి మరదలా?" అన్నారు ఆయన మెత్తగా.

నేను వేళాకోళానికి దిగాను. బావామరదళ్ళకి ఆ ఒక్క దారీ ఉంటుంది. "మా అక్కని మీరేమన్నా మూటగట్టి అటక మీద పెడదామనుకుంటున్నారా బావగారూ? మేం ఇచ్చింది పిల్లని. పాత ట్రంకుపెట్టె కాదు."

"ట్రంకుపెట్టె అయితే ఒక మూల పడుంటుంది. దానికి ముడులు వేయడం రాదు" అన్నారు. ఇద్దరం నవ్వాం. షాపతను కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు.

"అమ్మగారూ, మీ ఇష్టం కూడా చెప్పండి. ఇల్లు మీది కదా" అన్నాడు షాపతను అటు తిరిగి.

"ఆవిడ ఇష్టం నాకు తెలుసులేవయ్యా" అన్నారు బావగారు.

షాపతను గుడ్డ గొప్పతనం చూపించాలని పెద్ద నమూనా ముక్క ఒకటి తీసి, ఒక కొస బావగారికి, ఒక కొస నాకు ఇచ్చి, కిటికీ గూటికి అడ్డంగా ఎత్తి పట్టుకోమన్నాడు. తను గూట్లోకి దూరి గుడ్డ వెనకాల, అద్దం వైపు నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పండి సార్! నీడన్నా కనిపిస్తోందా? ఇక్కడో మనిషి ఉన్నట్టు తెలుస్తోందా?"

నిజంగానే తెలియలేదు. అంత లావు మనిషి మాయమయ్యాడు. గుడ్డ కాస్త పొట్టిది కావడం వల్ల కింద అతని పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"కాళ్ళు దొరికిపోయాయయ్యా!" అని బావగారు పెద్దగా నవ్వారు.

"అది నమూనా కదా సార్. మీకు కుట్టేది నేలని ఆనుకునే ఉంటుంది."

అక్క స్టూలు మీద కొంచెం ముందుకి వంగి ఆ పాదాల వంక చూస్తోంది. అంతకుముందు వరకూ ఆమె చూపు ఎక్కడా నిలవలేదు.

గుడ్డ ఖాయమైంది. ఇక కొలత. షాపతను కుర్చీ ఎక్కి టేపు మొదలు రాడ్డు దగ్గర పట్టుకున్నాడు. నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కింది కొస పట్టుకున్నాను. అంకె నేను చెప్పాలి, బావగారు రాసుకోవాలి.

టేపు చేతిలో ఉండగా నాకు ఆ ఆలోచన వచ్చింది. జానెడు తగ్గించి చెబితే చాలు. కోసిన గుడ్డని ఎవరూ పెంచలేరు. కింద జానెడు సందు ఉంటుంది. పూర్తిగా మూసుకుపోదు. మనిషి కనిపించకపోయినా అక్క పాదాలు కనిపిస్తాయి. తిరుగుతోందని, లేచి ఉందని నాకు తెలుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రీడింగు కూడా తప్పు చెప్పని నేను, టేపుని పిడికిట్లో కొంచెం మడిచి, జానెడు తక్కువ అంకె చదివాను. గొంతు బాగానే పలికింది.

బావగారు రాసుకున్నారు.

"ఇంకోసారి కొలువు" అంది అక్క.

అందరం అటు తిరిగాం. నేను వచ్చినప్పటి నుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"టేపు మడతపడింది. సరిగ్గా చూడు. నేల దాకా ఉండాలి. కింద సందు ఉంటే నాకు నచ్చదు."

ఆమె నా కళ్ళలోకి సూటిగా చూస్తోంది. కోపంగా లేదు, బతిమాలుతున్నట్టూ లేదు. చిన్నప్పుడు నా లెక్కల నోటుబుక్కు దిద్దేటప్పుడు అలాగే చూసేది.

"చూశావా మరదలా!" బావగారి ముఖం వెలిగిపోయింది. "నేను చెబితే బలవంతం. ఇప్పుడు మీ అక్కే అడుగుతోంది. కొలతలమ్మకి కూడా కొలత తప్పుతుందన్నమాట!"

నేను టేపు సరిచేసి మళ్ళీ చదివాను. ఈసారి నిజం అంకె. కసురుకున్నా ఇంత బాధ ఉండేది కాదు. నేను ఆమె కోసం దాచి ఉంచాలనుకున్న ఆ జానెడు వెలుగుని ఆమే వద్దంది. ఇంతకాలం నేను మెట్టు మీద ఎవరి కోసం కూర్చున్నట్టు?

కర్టెన్లు వచ్చాయి. వేలాడదీసిన రోజు మా వంటింట్లో నిలబడి చూశాను. సగం కర్టెన్ తీగతో సహా ఊడి వచ్చింది. దాని చోట పైనుంచి కింది వరకు తెల్ల లైనింగు, సున్నం కొట్టిన గోడలాగా. ఆ సాయంత్రం బావగారు మళ్ళీ వచ్చారు, మిఠాయి పట్టుకుని.

"మడతలు నేనే సర్దాను. పొద్దున సర్ది వెళ్తాను, సాయంత్రం వచ్చి చూస్తాను. ఒక్క మడత చెదిరినా నాకు తెలిసిపోతుంది" అన్నారు. మా ఆయన ఈసారి నవ్వలేదు. బావగారు వెళ్ళాక తలుపు వేస్తూ, "మడతలు చూడ్డమేమిటి?" అన్నారు తనలో తాను. మిఠాయి ఎవరమూ ముట్టలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఎడమా లేదు, కుడీ లేదు, ముడీ లేదు. కూర తరుగుతూ తల ఎత్తితే తెల్లటి గోడ. మెట్ల మీదికి వెళ్ళాలంటే కింది వాటా ఆవిడ. నేను వెళ్ళినందుకు లోపల అక్క ఏం పడాల్సి వస్తుందో తెలియదు. రెండుసార్లు చెప్పులు వేసుకుని కూడా విప్పేశాను. అలిగానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను.

ఒక సాయంత్రం, ఇళ్ళలో అప్పుడప్పుడే లైట్లు వెలుగుతున్నాయి. బియ్యం కడుగుతున్నాను. ఎదుటి కిటికీలో కర్టెన్ ఒక కొస కదిలింది.

గాలేమో అనుకున్నాను. గాలికి కదిలే గుడ్డ కాదది. కొస కాస్త ఉబ్బింది, మళ్ళీ సర్దుకుంది. చూస్తే అక్క అద్దానికీ గుడ్డకీ మధ్య నిలబడి ఉంది. తల నుంచి పాదాల దాకా మొత్తం మనిషి. తెల్లటి లైనింగు ముందు ఫోటోకి నిలబడినట్టు. ఒక చేత్తో చెప్పులు పట్టుకుంది. రెండో చేత్తో వెనకాల మడతల్ని ఒక్కొక్కటే నెమ్మదిగా సర్దుతోంది.

నా చేతిలో గిన్నె వంగి బియ్యం సింకులోకి జారిపోయాయి.

ఆమె నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. తర్వాత వీధిలోకి చూపించింది. బావగారి స్కూటరు మలుపు తిరుగుతోంది.

అప్పుడు అర్థమైంది నాకు. షాపతను పాదాలు, 'కింద సందు ఉంటే నాకు నచ్చదు' అన్న మాట, అన్నీ ఒక్కసారిగా. ఆయన ఆ గుడ్డని నా కళ్ళకి అడ్డంగా వేయించారు. అది తన కళ్ళకీ అడ్డమేనని ఆయనకి తట్టలేదు. అక్కకి తట్టింది. నేను తగ్గించిన ఆ జానెడే ఆమెని పట్టిచ్చేది.

స్కూటరు ఆగింది. ఆయన తల ఎత్తకుండానే లోపలికి వెళ్ళారు. వాళ్ళ బిల్డింగు మెట్లకి వీధి వైపు పొడుగాటి జాలీ ఉంటుంది. అందులోంచి ఆయన తల మొదటి మలుపు, రెండో మలుపు ఎక్కడం కనిపించింది. తాళం తీసిన చప్పుడు నాకు వినిపించేంత దగ్గర కాదు. అక్క ముఖంలో తెలిసింది. కళ్ళు మూసుకుంది. కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని, అద్దానికి అతుక్కుపోయింది.

హాల్లో లైటు వెలిగినట్టుంది, కర్టెన్ అంచులు పచ్చబడ్డాయి. గుడ్డ ఒకచోట కొద్దిగా ఊగింది, అవతల ఎవరో వేగంగా నడిచినట్టు. మళ్ళీ ఊగింది. ఆయన గదులన్నీ వెతుకుతున్నారు.

గట్టు మీద నా ఫోను మోగింది. బావగారు.

తడి చేత్తోనే ఎత్తాను.

"మీ అక్క అక్కడికి వచ్చిందా?" ఈసారి 'మరదలా' లేదు.

"ఇక్కడికా? మీరు తాళం వేసి వెళ్తారు కదా బావగారూ. ఎలా వస్తుంది?"

"ఇంట్లో లేదు. నీ దగ్గర ఇంకో తాళంచెవి ఉందా? నిజం చెప్పు."

"తాళంచెవి మీ జేబులోనే కదా ఉండేది."

"కిటికీ దగ్గరే ఉంటావుగా ఎప్పుడూ. చూడు! కనిపిస్తోందా ఎక్కడన్నా?"

అక్క నా ఎదురుగా ఉంది. కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఆమె వీపుకి, ఆయన గొంతుకి మధ్య ఒక్క గుడ్డ.

"బాగుంది బావగారూ. నేల దాకా తెర వేయించారు కదా. ఇంక నాకేం కనిపిస్తుంది?"

అక్క వెనకాల గుడ్డలో ఒక మడత ఆమె వైపుకి నొక్కుకుంది. ఆయన అక్కడే, చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారేమో. ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడే.

"ఆగండి. ఇందాక మీ మెట్ల జాలీలోంచి ఎవరో డాబా మీదికి ఎక్కుతున్నట్టు అనిపించింది. చీర రంగు సరిగ్గా చూడలేదు."

"డాబా మీదికా?" ఫోను కట్ అయింది.

మడత వదులైంది. ఒక క్షణం తర్వాత జాలీలో ఆయన కనిపించారు. రెండేసి మెట్లు ఎక్కుతున్నారు. తలుపు వేయడానికి ఆగి ఉండరు. ఆగేంత వ్యవధి లేదు. పై మలుపు కూడా దాటారు.

అక్కకి మెట్లు కనిపించవు. ఆమెకి తెలిసేది నా ద్వారానే. అరవలేను, చేతులు ఊపితే ఆయన పైనుంచి చూడొచ్చు. మా వంటింటి కిటికీకి కూడా ఒక సగం కర్టెన్ ఉంది, జిడ్డు మరకలతో. దాన్ని లాగి మధ్యలో ఇంత ముడి వేశాను.

అక్క ముడి చూసింది. కర్టెన్ కొస ఎత్తి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తెల్లటి గోడ మళ్ళీ ఖాళీ.

మా ఆయన వెనకాల ఎప్పుడు వచ్చి నిలబడ్డారో నాకు తెలియదు. జాలీలో కిందికి దిగుతున్న అక్కని ఆయన కూడా చూస్తున్నారు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వీధి దాటేటప్పుడు కూడా పరిగెత్తలేదు. కూరగాయలకి వెళ్ళొస్తున్నట్టు నడిచింది. మా ఆయన వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకున్నారు. ఆమె లోపలికి రాగానే పైగడియ, కిందిగడియ రెండూ వేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

"వదినా, మంచినీళ్ళు తాగండి" అన్నారు. తలుపు దగ్గర నుంచి మాత్రం కదల్లేదు.

అక్క నీళ్ళు తాగింది. సింకులో ఒలికిన బియ్యం చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నేను వేసిన ముడి తడిమి చూసింది.

"ఇంత గట్టిగా వేస్తారుటే? ఎలా ఊడదీస్తావు దీన్ని?" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏదీ పూర్తిగా రాలేదు.

ఎదుటి కిటికీలో కర్టెన్ ఒక్క ఊపున పక్కకి పోయింది. రాడ్డు మీద రింగులు కొన్ని ఊడినట్టున్నాయి, గుడ్డ ఒక మూల కిందికి వేలాడింది. బావగారు అద్దం దగ్గర నిలబడి ఉన్నారు, ఫోను చెవి దగ్గర.

నా ఫోను మోగింది. నేను చెయ్యి చాపేలోపు అక్క తీసుకుంది. మా సగం కర్టెన్‌ని ముడితో సహా పూర్తిగా పక్కకి నెట్టి, కిటికీ మధ్యలో నిలబడింది.

"నేనే మాట్లాడుతున్నాను" అంది. "ఇక్కడే ఉన్నాను. కనిపిస్తున్నానా?"